నక్షత్రం దించిన తరువాత

క్రిస్మస్ అలంకరణ మీద మనకున్న శ్రద్ధ దాన్ని దాచడంలో కనిపించదు. కొత్త సంవత్సర ఆరాధన అయిపోగానే నక్షత్రం, సీరియల్ లైట్లు, పశువుల పాక బొమ్మలు ఒకే సంచిలో కుక్కి అటక ఎక్కిస్తాం. డిసెంబరులో విప్పితే చిరిగిన కాగితం, చిక్కుపడిన తీగలు, చెయ్యి విరిగిన యోసేపు. మళ్లీ కొనాలి. కూలి డబ్బులతో పండుగ చేసుకునే ఇంటికి అది చిన్న ఖర్చు కాదు.

ఖిల్లా ఘణపూర్ వంటి మన పాలమూరు ఊళ్లలో ఎండ, వాన, చెదలు, ఎలుకలు నాలుగూ శత్రువులే. రేకుల కింద ఎండాకాలపు వేడికి ప్లాస్టిక్ పెళుసవుతుంది, జిగురు ఊడుతుంది. వానాకాలపు తేమకు కాగితం బూజు పడుతుంది. అందుకే రేకుకు ఆనించకుండా, గోడకు తగలకుండా, నేల మీద కాకుండా బల్ల మీదనో పెట్టె మీదనో పెట్టాలి. వేరుశనగ బస్తాల పక్కన అసలే వద్దు. గింజల కోసం వచ్చిన ఎలుక తీగల్నీ కొరుకుతుంది.

లైట్లను ముందుగా ప్లగ్గు తీసి, దుమ్ము తుడిచి, అట్టముక్కకు చుట్టండి. తీగ తొడుగు చిట్లినా, కొరికినట్టున్నా అతికించి దాచకండి, పక్కన పడేయండి. గడ్డి పాక పక్కన ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీలు తీసేయండి, లేకపోతే కారి పాడుచేస్తాయి.

నక్షత్రాన్ని మడతల ప్రకారమే మడిచి రెండు అట్టల మధ్య పెట్టండి. మట్టి బొమ్మలను ఒక్కొక్కటిగా పాత నూలు గుడ్డలో చుట్టి, బరువైనవి అడుగున, బాల యేసు బొమ్మను చిన్న డబ్బాలో విడిగా ఉంచండి. థర్మాకోల్ దగ్గర కలరా ఉండలు వేయకండి, వాటి ఆవిరికి అది కరుగుతుంది. ఎండిన వేపాకు మేలు.

పాకలో పరచిన గడ్డిని దాచవద్దు. మెరుపు కాగితాలు, దారాలు ఏరేసి పశువులకు వేయండి. పనికిరాని ప్లాస్టిక్‌ను భోగి మంటలో వేయకండి. ఆ పొగ పిల్లల ఊపిరికి హాని.

పెట్టె మీద ఏముందో పెద్ద అక్షరాలతో రాయండి. పనికోసం హైదరాబాదుకో ముంబైకో వెళ్లే కుటుంబాలు ఆ పెట్టె ఎక్కడుందో ఇంట్లో ఉండే అవ్వకో తాతకో చెప్పి వెళ్లాలి. సంఘపు సామాను అయితే ఒక పుస్తకంలో లెక్క రాసి, కమిటీ మారినప్పుడు అప్పగించాలి. కానుకల డబ్బుతో కొన్నదానికి జవాబుదారీ ఉండాలి గదా!

మొరేవియన్ నక్షత్రం 1830లలో జర్మనీలోని నీస్కీ పాఠశాలలో రేఖాగణిత పాఠంగా పుట్టింది. నేటికీ అక్కడి కుటుంబాలు ముక్కలుగా దాచిన నక్షత్రాన్ని ఆగమన కాలపు మొదటి ఆదివారం పిల్లలతో కలిసి మళ్లీ కూర్చుతాయి. ప్రతి ఏడూ కొత్తది కొనడం కాదు, ఉన్నదాన్నే మళ్లీ నిలబెట్టడం వారి ఆనందం.

ఐదువేలమందికి ఆహారం పెట్టిన ప్రభువు, మిగిలిన ముక్కలు పాడుకాకుండా పోగుచేయమని శిష్యులకు చెప్పిన సంగతి యోహాను సువార్త 6వ అధ్యాయంలో చదువుతాం. సమృద్ధి ఇచ్చినవాడే వృథాను ఒప్పుకోలేదు. ఈ ఏడు మిగిల్చిన ఆ డబ్బుతో వచ్చే క్రిస్మస్‌కు మన వీధిలో ఒక విధవరాలికి చీర, ఒక అనాథ బిడ్డకు కొత్త బట్టలు రావచ్చు. అలంకరణ పెట్టెను శ్రద్ధగా మూయడం కూడా గృహనిర్వాహకత్వమే.