బస్తా మీది చిరునామా

విజయవాడలో ఎవరైనా ఇల్లు కట్టుకుంటుంటే ఆ వాకిట్లో పేర్చిన సిమెంటు బస్తాల్లో ఒకదాన్ని తిప్పి చూడండి. 50 కిలోలు, గ్రేడు, తయారైన వారం, ఎమ్మార్పీ, వాటి కింద చిన్న అక్షరాల్లో ఫ్యాక్టరీ చిరునామా ఉంటాయి. జగ్గయ్యపేట, మాచర్ల, దాచేపల్లి, మేళ్లచెరువు... ఎక్కువగా ఒక్క రాత్రిలో లారీ చేరే ఊళ్లే. రాజస్థాన్‌లో చిత్తోడ్‌గఢ్ చుట్టుపక్కల సున్నపురాయికీ, సిమెంటు ఫ్యాక్టరీలకూ కొదవ లేదు. ఆ బస్తా మాత్రం ఇక్కడి దాకా రాదు.

కారణం బరువు. బంగారాన్ని జేబులో వేసుకుని దేశమంతా తిరగొచ్చు. సిమెంటు అలా కాదు, దూరం పెరిగేకొద్దీ లారీ కిరాయే లాభాన్ని తినేస్తుంది. సిమెంటుకు మూలమైన క్లింకర్ టన్నుకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావాలి కాబట్టి ఫ్యాక్టరీ క్వారీ పక్కనే ఉండాలి. అందుకే దేశంలో ఎన్ని సిమెంటు కంపెనీలున్నాయని లెక్కపెడితే ఉపయోగం లేదు. మన ఊరికి సరుకు తోలితే గిట్టుబాటయ్యే దూరంలో ఎందరున్నారన్నది చూడాలి. మార్కెట్‌ను అధ్యయనం చేసేవాళ్లు మొదట గీసుకోవాల్సిన గీత ఇదే.

రైతుబజారులో టమాటా అమ్మే ఒక్క రైతు ధరను శాసించలేడు. అది సంపూర్ణ పోటీకి దగ్గర. ఇంటికి కరెంటిచ్చేది ఒకే సంస్థ, అది ఏకస్వామ్యం. సిమెంటు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. కొద్దిమంది అమ్మకందారులు, దాదాపు ఒకే రకం సరుకు. దీన్ని పరిమితస్వామ్యం అంటారు. కొత్తవాడు రావాలంటే క్వారీ లీజు, పర్యావరణ అనుమతులు, వందల కోట్ల పెట్టుబడి, ఏళ్ల తరబడి ఓపిక కావాలి. ఇలాంటి అడ్డుగోడల మీదే ఆర్థికవేత్త జో బెయిన్ 1956లో ఒక పుస్తకం రాశాడు.

అమ్మకందారుల సంఖ్య ఒక్కటే చాలదు, ఎవరి వాటా ఎంతో కూడా చూడాలి. ఒక్కో వాటా శాతాన్ని వర్గం (స్క్వేర్) చేసి కూడితే హెర్ఫిండాల్ సూచీ వస్తుంది. నలుగురికి తలా 25 శాతం ఉంటే 2,500. ఒకరికి 70, మిగతా ముగ్గురికి పదేసి ఉంటే 5,200. రెండు చోట్లా నలుగురే, మార్కెట్లు మాత్రం వేరు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం దీని తర్వాత వస్తుంది. నేనే సిమెంటు అమ్ముతున్నాననుకోండి. బస్తాకు పది రూపాయలు తగ్గిస్తే రేపటికల్లా పక్కవాడూ తగ్గిస్తాడు. కొనేవాళ్లు కొత్తగా నా దగ్గరికి రారు, పది రూపాయలు మాత్రం పోతాయి. ఇది అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ముందుగా తగ్గించరు. మూడు దుకాణాలు తిరిగినా ఒకే ధర వినిపిస్తే సిండికేట్ అయ్యారని అనుకుంటాం. నిజంగా కూడబలుక్కున్నారా, ఒకరినొకరు చూసుకుని నడుస్తున్నారా? మొదటిది చట్టవిరుద్ధం, రెండోది కాదు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బిల్డర్ల సంఘం ఫిర్యాదు మీద 2012 జూన్‌లో కాంపిటీషన్ కమిషన్ 11 సిమెంటు కంపెనీలకు 6,000 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. ధరలు ఒకే తీరున కదలడం, ఉత్పత్తి సామర్థ్యాన్ని పూర్తిగా వాడకపోవడం, తయారీదారుల సంఘం సమావేశాలు, వీటన్నిటినీ కలిపి చదివి కుమ్మక్కని తేల్చింది. 2015లో అప్పీలు ట్రిబ్యునల్ విచారణ తీరును తప్పుపట్టి ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2016లో కమిషన్ మళ్లీ జరిమానా వేసింది, 2018లో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని సమర్థించింది, కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఒక కుమ్మక్కును రుజువు చేయడం ఇంత కష్టం గనుక, అమ్మకందారులు తగ్గిపోకముందే జాగ్రత్తపడాలని నేను గట్టిగా నమ్ముతాను.

2024లో తాడిపత్రి దగ్గర ఫ్యాక్టరీ ఉన్న పెన్నా సిమెంట్‌ను అదానీ గ్రూపుకు చెందిన అంబుజా కొన్నది. అదే ఏడాది చివర్లో, కడప జిల్లా చిలమకూరులో ఫ్యాక్టరీ ఉన్న ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వచ్చింది. అల్ట్రాటెక్‌కు తాడిపత్రిలో అప్పటికే ఫ్యాక్టరీ ఉంది. పెద్ద కంపెనీకి తయారీ ఖర్చు తగ్గుతుందన్న మాట నిజమే, ఆ తగ్గింపు బస్తా ధరలో కనిపించాలి. అనంతపురంలో ఇల్లు కట్టుకునే మనిషి బస్తా తిప్పి చూస్తే ఊళ్ల పేర్లు మునుపటివే ఉంటాయి. ఆ ఊళ్ల వెనక ధర నిర్ణయించే చేతులు మాత్రం తగ్గాయి.