మూడున్నర వేల కిలోమీటర్ల కొండదారిలో ఒక్క పూట నడక

అమెరికా తూర్పు భాగంలో జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ పర్వతం నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం వరకు, 14 రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ ట్రెయిల్ పొడవు సుమారు 2,190 మైళ్లు. అంటే 3,500 కిలోమీటర్లకు పైమాటే. ఈ దారి గురించి వెలువడే కథనాల్లో అధిక భాగం, వీపున బరువు మోస్తూ ఐదారు నెలల్లో దానిని ఆసాంతం నడిచే సాహసికులకు సంబంధించినవి. వాస్తవంలో అలాంటివారు స్వల్పసంఖ్యాకులు. ఏటా 30 లక్షలకు పైగా జనం ఈ దారిపై అడుగుపెడతారని దాని సంరక్షణ చూసే అపలాచియన్ ట్రెయిల్ కన్సర్వెన్సీ అంచనా. ఒకే విడతలో పూర్తిచేయాలని బయలుదేరేవారు మూడు వేల పైచిలుకు. వారిలోనూ గమ్యం చేరేది ప్రతి నలుగురిలో ఒక్కరే. మిగిలినవారిలో అత్యధికులు ఉదయం వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరేవారు. న్యూజెర్సీ, వర్జీనియా, మేరీల్యాండ్ రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు, అక్కడ చదువుకునే విద్యార్థులు, వేసవిలో పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులు ఈ దారిని ఎరిగినది ఈ రూపంలోనే.

దారి రూపుదిద్దుకున్నది కూడా ఇటువంటివారిని దృష్టిలో ఉంచుకునే. అటవీ నిపుణుడు బెంటన్ మెకాయ్ 1921లో ఒక వాస్తుశిల్పుల పత్రికలో తొలిసారి ఈ ప్రతిపాదన చేసినప్పుడు, పారిశ్రామిక నగరాల్లో అలసిన శ్రామికులకు సెలవు దినాల్లో కొండగాలి అందుబాటులోకి రావాలన్నది ఆయన ఉద్దేశం. 1923 అక్టోబరులో ప్రారంభమైన మొట్టమొదటి భాగం న్యూయార్క్ నగరానికి చేరువలోని బేర్ మౌంటెన్ ప్రాంతంలో ఉండడం యాదృచ్ఛికం కాదు. దారి నిర్మాణాన్ని ముందుకు నడిపించిన మైరన్ ఏవరీ 1936 నాటికి దానిని మొత్తం నడిచిన తొలి వ్యక్తిగా పేరొందారు. దూరం కొలవడానికి సైకిల్ చక్రాన్ని తోసుకుంటూ, సంవత్సరాల తరబడి ముక్కలు ముక్కలుగా ఆయన ఆ పని పూర్తిచేశారు. 1937లో దారి పూర్తయిన తరువాత, ఒకే యాత్రగా నడిచినట్లు ఎర్ల్ షాఫర్ ప్రకటించినది 1948లో. కాబట్టి ఖండాలుగా నడవడం అసలైన నడకకు తక్కువ రకం ప్రత్యామ్నాయమన్న అభిప్రాయానికి చరిత్రలో ఆధారం లేదు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. తెలుగు పత్రికాభాషలో కొండమీద నడక ఏదైనా ‘ట్రెక్కింగ్’ అయిపోయింది. రాత్రి బస, గుడారం, మార్గదర్శి ఉండే యాత్రకూ, మంచినీళ్ల సీసాతో వెళ్లివచ్చే నడకకూ అదే పదం. అమెరికాలో రెండవ దానిని ‘డే హైక్’ అంటారు. అక్కడి జలపాతాల వద్ద, కొండ అంచుల్లో మన విద్యార్థులు ప్రాణాలు కోల్పోయిన వార్తలు ఇటీవలి సంవత్సరాల్లో పలుమార్లు వచ్చాయి. ‘ట్రెక్కింగ్‌కు వెళ్లి’ అన్న ఒక్క మాటతో అవి ముగిసిపోతాయి. అది ఏ రకం దారి, ఎన్ని గంటల నడక, సన్నద్ధత ఏమిటి అన్నవి చదువరికి తెలియవు. ఒక్క పూట నడక అనగానే సన్నద్ధత అక్కరలేదన్న భావన మాత్రం మిగిలిపోతుంది.

మొదటి చిక్కు దూరానికి సంబంధించినదే. న్యూజెర్సీలోని వెర్నన్ వద్ద ‘స్టెయిర్‌వే టు హెవెన్’ అని పిలిచే భాగాన్ని తీసుకుందాం. 94వ నంబరు రహదారి నుంచి పైనున్న పిన్‌వీల్ విస్టా వరకు దూరం మైలున్నరకు లోపే. చదునైన నేలపై అరగంట పని. కానీ ఎక్కవలసిన ఎత్తు సుమారు 900 అడుగులు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన లెక్క నేటికీ ఉపయోగపడుతుంది: ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 2,000 అడుగుల ఎత్తుకు మరో గంట. ఆ ప్రకారం ఈ చిన్న దారికి దూరం కోసం అరగంట, ఎత్తు కోసం దాదాపు మరో అరగంట, మొత్తం రెట్టింపు. నైస్మిత్ లెక్క ఆరోగ్యవంతుడైన, ఆగకుండా నడిచే మనిషికి సంబంధించినది. పిల్లలు, పెద్దవారు ఉన్న బృందం ఎక్కడానికే గంటన్నర పెట్టుకోవడం వివేకం. పేరులో మెట్లు ఉన్నాయి కదా అని తిరుమల అలిపిరి మార్గాన్ని ఊహించుకునేవారు ఉంటారు. అలిపిరిలో పైకప్పు, విద్యుద్దీపాలు, తాగునీరు, దారి పొడవునా మనుషులు ఉంటారు. ఇక్కడి మెట్లు పేర్చిన బండరాళ్లు; వాన పడితే జారతాయి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను తీసుకువెళ్లదలిస్తే అదే రహదారికి అవతలివైపున చిత్తడినేల మీదుగా, పోచక్ వాగుపై వేలాడే వంతెనతో సాగే చెక్కబాట మేలు. అది దాదాపు చదును. అదీ అపలాచియన్ ట్రెయిల్‌లో భాగమే.

రెండవ చిక్కు ఈ దారి ఆకారంలో ఉంది. ఇది వలయం కాదు, గీత. సాయంత్రానికి నడక ముగిసిన చోట మీ కారు ఉండదు. వెళ్లిన దారినే తిరిగిరావడం సులభమైన పరిష్కారం. అప్పుడు అలసట లెక్క సగం దూరం వద్దే వేసుకోవాలి. రెండు కార్లుంటే ఒకటి ముగింపు వద్ద ముందే నిలిపి రావచ్చు. మూడవ పద్ధతికి గుర్తులు తెలియాలి. ప్రధాన దారిపై చెట్లకు, రాళ్లకు రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవు గల తెల్లని పట్టీలు ఉంటాయి. ఒకదానిపై ఒకటిగా రెండు కనిపిస్తే ముందు మలుపు లేదా కూడలి ఉన్నదని అర్థం. నీలి పట్టీలు సాధారణంగా పక్కదారులకు. వాటిని కలుపుకొని చుట్టుదారి కూర్చుకోవచ్చు. చాలాసేపు ఏ పట్టీ కనిపించకపోతే ముందుకు సాగక, చివరిసారి చూసిన గుర్తు వద్దకు తిరిగి వెళ్లాలి.

కారు లేని విద్యార్థులకు ఒక సౌకర్యం ఉంది. న్యూయార్క్ నుంచి వెళ్లే మెట్రో నార్త్ హార్లెమ్ మార్గంలో పాలింగ్ సమీపాన ‘అపలాచియన్ ట్రెయిల్’ అన్న పేరుతోనే ఒక చిన్న స్టేషన్ ఉంది; వారాంతాల్లో కొన్ని రైళ్లు మాత్రమే ఆగుతాయి. తిరుగు రైలు వేళ ముందే చూసుకోకపోతే ఇబ్బంది. వాషింగ్టన్ పరిసరాల్లోనివారికి హార్పర్స్ ఫెర్రీ రైలు స్టేషన్ ఉంది. కన్సర్వెన్సీ ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఆ ఊళ్లోనే. వర్జీనియాలోని షెనాండోవా జాతీయ ఉద్యానవనంలో సుమారు 101 మైళ్ల దారి స్కైలైన్ డ్రైవ్ రహదారికి సమీపంగా సాగుతూ పలుచోట్ల దానిని దాటుతుంది. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలన్నది మన చేతిలోనే ఉంటుంది కనుక కొత్తవారికి ఇంతకన్నా అనువైన భాగం లేదనే చెప్పాలి.

ఆకులు రంగు మారే శరత్కాలంలో రద్దీ పెరుగుతుంది. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కు జరిపాక, న్యూజెర్సీలో సాయంత్రం ఐదు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్న భోజనం చేసి బయలుదేరే అలవాటు అప్పుడు ప్రమాదకరం. తలకు కట్టుకునే లైటు సంచిలో ఉండాలి. ఫోను వెలుతురును నమ్ముకుంటే, చాలాచోట్ల సిగ్నల్ వెతుక్కుంటూ దాని బ్యాటరీ ముందే అయిపోతుంది. ఆ నెలల్లోనే వేట అనుమతించే ప్రాంతాలుంటాయి. మెరిసే నారింజ రంగు దుస్తులు ధరించాలన్న సూచన అలంకారప్రాయం కాదు.

ఈశాన్య రాష్ట్రాల్లో భారతీయులకు అంతగా తెలియని మరో అపాయం పిడుదు పురుగు. గసగసాల గింజంత ఉండే పిల్ల పిడుదుల వల్ల కూడా లైమ్ వ్యాధి సంక్రమిస్తుంది. సాధారణంగా పురుగు 24 గంటలకు పైగా చర్మాన్ని అంటిపెట్టుకుని ఉంటే తప్ప వ్యాధి సోకదు. అందువల్ల ఆ సాయంత్రమే చంకలు, మోకాలి వెనుక భాగం, తలవెంట్రుకల మధ్య పరిశీలించుకోవడం ముఖ్యం. నడుం మీద చీరకట్టు ఉండే చోటును పెద్దవారు తప్పక చూసుకోవాలి. ఆ తరువాతి వారాల్లో వలయాకారపు ఎర్రమచ్చ, జ్వరం కనిపిస్తే వైద్యుడికి కొండనడక సంగతి చెప్పాలి. ఈలోగా స్వదేశానికి వచ్చేసినవారికి ఇది మరింత అవసరం. ఇక్కడి వైద్యుడికి ఆ అనుమానం సహజంగా రాదు.

బయలుదేరే ముందు రోజు కన్సర్వెన్సీ వెబ్‌సైట్‌లోని హెచ్చరికలు చూడాలి. 2024 సెప్టెంబరులో హెలెన్ తుపాను దక్షిణ భాగంలో వందల మైళ్ల దారిని దెబ్బతీసింది; టెనెసీలోని అర్విన్ వద్ద నోలిచకీ నదిపై, ట్రెయిల్ సాగే రహదారి వంతెన కొట్టుకుపోయింది. పాత పటంలో అది ఇప్పటికీ ఉంటుంది. ఏ రహదారి వద్ద మొదలుపెడుతున్నారో, ఏ వేళకు తిరిగివస్తారో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వాలి. ఆ వేళ దాటిన తరువాత ఎంతసేపు చూసి 911కు ఫోను చేయాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి.