గంట మ్రోగినప్పుడు

గత సంవత్సరమొకనాడు మధ్యాహ్నపు వేళ మా పాఠశాలలో అగ్నిప్రమాద హెచ్చరిక గంట మ్రోగినది. "ఏమిటో చూచి రమ్ము" అని మేము జవానును పంపితిమి. సరస్వతీదేవి పటము ముందు వేసిన సాంబ్రాణి పొగయే కారణమని అతడు వచ్చి చెప్పగా అందరమును నవ్వుకొంటిమి. కాని ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. మేడమీద నిజముగనే మంట యున్నచో, అతడు వెళ్లి వచ్చునంతలో పిల్లల గతి యేమి?

నేడు మన తల్లిదండ్రులలో కొందరు తమ పెద్దలను వృద్ధాశ్రమములలో ఉంచవలసి వచ్చుచున్నది. అక్కడ గంట మ్రోగినచో ఏమి చేయుదురో తెలిసికొనుట మన విధి.

పొగను పసిగట్టు యంత్రములో చిన్న కాంతికిరణముండును. పొగ రేణువులు లోనికి రాగా ఆ కాంతి చెదరును. వెంటనే గంట మ్రోగును. నీటియావిరియైనను, దుమ్మైనను, అగరువత్తి పొగయైనను అట్లే చెదరగొట్టును. కనుకనే వట్టి గంటలు పెక్కు. వట్టి పిలుపునకు బండి వెళ్లినచో, ఆ వేళకు నిజముగ మండుచున్న మరియొక యింటికి సాయము ఆలస్యమగును. అందుచేత స్కాట్లండు అగ్నిమాపక దళము 2023 జూలై 1 నుండి, కార్యాలయములు, దుకాణముల వంటి చోట్ల గంట మాత్రమే మ్రోగినచో, మంట యున్నదని ఎవరైనను ధ్రువపరచిన పిదపనే బండ్లను పంపుచున్నది. ఆసుపత్రులకు, వృద్ధాశ్రమములకు మాత్రము ఈ నియమము లేదు.

ఎందుకనగా, ఆ దేశములోనే రోజ్‌పార్క్ అను వృద్ధాశ్రమములో 2004 జనవరి 31 తెల్లవారుజామున 4.28కి గంట మ్రోగినది. మంట ఎక్కడనో సిబ్బంది వెదకుచుండిరి. దళమునకు ఫోను 4.37కి గాని వెళ్లలేదు. 14 మంది వృద్ధులు మరణించిరి. తెరచియున్న తలుపులగుండా గదులలో దూరిన పొగయే వారి పాలిటి మృత్యువైనది. మన దేశమున కలకత్తాలో 2011 డిసెంబరు 9న ఆమ్రి ఆసుపత్రిలో ఇంచుమించు 90 మంది మరణించినప్పుడును దళమునకు కబురు ఆలస్యముగనే అందినది. ఈ బెంగుళూరులోనే 2010 ఫిబ్రవరి 23న కార్ల్‌టన్ టవర్స్‌లో పొగకు తాళలేక కొందరు కిటికీలనుండి దూకిరి; 9 మంది చనిపోయిరి. నడువగలవారి గతియే యిట్లున్నచో, మంచము దిగలేనివారి మాట చెప్పనేల?

"నాన్నా, పులి" కథను అబద్ధమాడరాదని పిల్లలకు చెప్పుదుము. తండ్రికిని అందొక పాఠము కలదు: రెండుమారులు పులి రాలేదని మూడవమారు కదలకుండరాదు.

మన నగరములో పెక్కు భవనముల గంట ఆ భవనములోనే వినబడును. 101కి గాని 112కి గాని ఎవరో ఒకరు ఫోను చేయవలసినదే. "గంట మ్రోగుచున్నది, మంట ఇంకను కనబడలేదు, నడువలేనివారు ఇందరున్నారు" అని ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను. పిదప వెదకవలెను. వట్టిదని తేలినచో మరల ఫోనుచేసి తెలుపవచ్చును. వట్టి గంటలు మాటిమాటికి మ్రోగినచో యంత్రమును బాగుచేయించవలెను గాని నోరు నొక్కరాదు.

పెద్దలను చూడబోయినప్పుడు ఈ ప్రశ్నలడుగుడు. రాత్రివేళ మేలుకొనియుండు పరిచారకులెందరు? ఫోను చేయువారెవరు? యజమాని అనుమతికై వేచియుందురా? గది తలుపులు మూసియుంచుదురా? వెలుపలి దారికి తాళము వేయుదురా? సరియైన సమాధానము రానిచో, వచ్చువరకు మరల మరల అడుగుడు.

మా పాఠశాలలో ఇప్పుడు గంట మ్రోగినచో మొదట పిల్లలు మైదానమునకు వత్తురు. అదే క్షణమున కార్యాలయమునుండి ఫోను వెళ్లును. ఏమైనదో చూచుట ఆ తరువాతి మాట. ఆనాడు మేము చేసినది తలక్రిందుల పని. అదృష్టవశమున అది సాంబ్రాణి పొగయైనది.