నాలుగు పరుగుల దూరము

2024 ఫిబ్రవరిలో ఇండోర్ నగరమున ఆంధ్ర, మధ్యప్రదేశ్ జట్లకు రంజీ క్వార్టర్ ఫైనల్ పందెము జరిగినది. గెలుపునకు ఆంధ్రకు కావలసిన పరుగులు 170. చేసినవి 165. నాలుగు పరుగుల తేడాతో ఆంధ్ర ఓడిపోయినది. పందెము ముగిసిన మరునాడు కర్నూలు కొండారెడ్డి బురుజు నీడలో గాని, కడప ఏడురోడ్ల కూడలిలో గాని క్రికెట్టు అభిమాని ఒకడు పత్రిక తెరచి ఆ వార్త చదివి, మడిచి, చంకను పెట్టుకొని, “ఈ జట్టును నాచేతికి ఇచ్చిన చూడవలె” అని అనుకొనియుండును. అట్లు అనుకొనని అభిమాని లోకమున లేడు. ఓడిన జట్టును మనస్సులో కూల్చి, మరల కట్టుట అభిమాని కున్న ఒకే ఒక అధికారము. ఆ అధికారమును అతడు ఎట్లు వాడుకొనుచున్నాడో, అతని ఆలోచనలలో నిలుచునవెన్నో, నిలువనివెన్నో పరిశీలించుట వినోదమునకు మాత్రమే కాదు, మన బడి పిల్లల భవిష్యత్తునకును సంబంధించిన విషయము.

ముందుగా కొంత చరిత్ర. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము ఏర్పడినది. ఆ 1953–54 క్రీడా సంవత్సరమునందే ఆంధ్ర జట్టు తొలిసారిగా రంజీ పోటీలలో అడుగుపెట్టినది. జట్టు నాయకుడు కొట్టారి కనకయ్య నాయుడు. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు జట్టును నడిపినవాడు, 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై పదకొండు సిక్సర్లతో 153 పరుగులు చేసి దేశమునంతటిని మేలుకొలిపినవాడు ఆయనయే. ఆంధ్ర జట్టుకు నాయకత్వము వహించునాటికి ఆయన వయస్సు 58 సంవత్సరములు. అంతటి మహావృక్షము నీడలో మొలచిన జట్టు ఏడు దశాబ్దములు గడచినను రంజీ కప్పును ముట్టలేదు. పైగా 1994 జనవరిలో సికింద్రాబాదు మైదానమున హైదరాబాదు జట్టు ఆంధ్ర బౌలర్లపై ఆరు వికెట్లకు 944 పరుగులు చేసినది. అందులో ఎం.వి. శ్రీధర్ ఒక్కడే చేసినవి 366. ఆనాటి ఆంధ్ర ఆటగాండ్రు ఎన్ని గంటలు ఎండలో బంతి వెంట పరుగెత్తిరో తలచుకొన్న ఎవరికైనను జాలి కలుగక మానదు.

ఇక అభిమాని ఆలోచనలకు వత్తము. అతని మొదటి మాట యిది: “మనకు బౌలర్లు లేరు.” నాలుగు దినముల పందెమును పూర్తిగా గెలువవలెనన్న ప్రత్యర్థి వికెట్లు ఇరువదియు తీయక తప్పదు. పూర్తి గెలుపునకు రంజీలో ఆరు పాయింట్లు. మొదటి ఇన్నింగ్సులో ఆధిక్యము మాత్రము సంపాదించి పందెము తేలకుండ ముగించిన మూడే. కావున బౌలర్లు లేని జట్టు సగము కూలితో బ్రతుకవలసినదే. మాట న్యాయముగనే ఉన్నది. ఆంధ్రకు బ్యాటింగులో పేరు తెచ్చినవారు కొందరు ఉన్నారు. 2015లో ఒంగోలులో కోన శ్రీకర్ భరత్ గోవాపై 308 పరుగులు చేసి, రంజీలో త్రిశతకము సాధించిన మొదటి వికెట్ కీపరైనాడు. 2017లో విజయనగరమున హనుమ విహారి ఒడిశాపై 302 పరుగులు చేసి అజేయుడుగా నిలిచినాడు. 2023–24 రంజీలో దేశమంతటిలో అత్యధికముగా 902 పరుగులు చేసినవాడు ఆంధ్ర ఆటగాడైన రికీ భుయ్. అంకెలను చూచి అభిమాని “బ్యాటు ఉన్నది, బంతియే లేదు” అని తీర్పు చెప్పివేసినాడు.

కాని ఇండోర్ పందెపు అంకెలు ఈ తీర్పును ఒప్పుకొనవు. అచ్చట మధ్యప్రదేశ్ మొదటి ఇన్నింగ్సులో 234, రెండవ ఇన్నింగ్సులో 107 పరుగులు చేసినది. ప్రత్యర్థిని 107 పరుగులకు కూల్చిన బౌలర్లను లేరనుట అన్యాయము. ఆంధ్ర చేసినవి 172, 165. అంతకు ముందటి సంవత్సరము, 2023లో, అదే ఇండోర్‌లో, అదే మధ్యప్రదేశ్‌తో, అదే క్వార్టర్ ఫైనల్‌లో కూడ ఇట్లే జరిగినది. మొదటి ఇన్నింగ్సులో ఆంధ్ర 379 పరుగులు చేసి 151 పరుగుల ఆధిక్యము సంపాదించినది. ఆ పందెముననే మణికట్టు విరిగిన విహారి ఎడమచేతి వాటముగా నిలిచి, ఒంటిచేత బ్యాటు పట్టి ఆడిన దృశ్యము చూచినవారు మరువలేరు. అయినను రెండవ ఇన్నింగ్సులో జట్టు 93 పరుగులకే కూలినది. మధ్యప్రదేశ్ ఐదు వికెట్లు మాత్రము పోగొట్టుకొని 245 పరుగుల గమ్యమును చేరినది. రెండేండ్లలోను లోపము ఒక్కటియే: మొదటి రెండు మూడు దినములు సరిగా ఆడిన జట్టు చివరి ఘట్టమున నిలువలేకపోవుట. ఇది తారల కొరత కాదు, తారల వెనుక నిలువవలసిన వారి కొరత. ఐదవ వికెట్టు పడిన తరువాత వచ్చి, నలువది పరుగులు చేసి, రెండు గంటలు కాలయాపన చేయగలవాడు పత్రికల శీర్షికలకు ఎక్కడు. కాని కప్పులు గెలుచునది అట్టివారి వలననే.

అభిమాని రెండవ ఆలోచన: “బయటి నుండి గొప్ప ఆటగాండ్రను తెచ్చుకొందము.” నిబంధనల ప్రకారము రాష్ట్ర జట్టు ముగ్గురు వరకు బయటి ఆటగాండ్రను తీసుకొనవచ్చును. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత మనకున్నది గనుక ఈ ఆలోచనను వెంటనే త్రోసిపుచ్చవచ్చునని తోచును. కాని త్రోసిపుచ్చుట తగదు. రాజస్థాన్ కథ వినదగినది. దిగువ శ్రేణియైన ప్లేట్ విభాగములో నుండి బయలుదేరి ఆ జట్టు 2010–11లో రంజీ కప్పు గెలిచినది. మరుసటి సంవత్సరము దానిని నిలబెట్టుకొన్నది కూడ. నాయకుడు హృషీకేశ్ కానిట్కర్, ఆరంభ ఆటగాడు ఆకాశ్ చోప్రా బయటివారే. కాని ఆ మొదటి సంవత్సరమున హైదరాబాదును 21 పరుగులకు కూల్చినవాడు ఎవరు? తొలి పందెము ఆడుచున్న స్థానిక యువకుడు దీపక్ చహర్. పది పరుగులకు ఎనిమిది వికెట్లు తీసినాడు. పెద్దవారు ఓపిక నేర్పిరి, ఇంటి పిల్లలు ఫలము తెచ్చిరి.

విదర్భ కథ మరింత దగ్గరిది. 1957–58 నుండి రంజీ ఆడుచున్న ఆ జట్టు అరువదేండ్లు ఎదురుచూచి 2017–18లో తొలిసారి కప్పు గెలిచినది. ఫైనల్ జరిగిన స్థలము ఇండోరే! మరుసటి సంవత్సరమును, ఆపైన 2024–25లోను మరల గెలిచినది. తొలి రెండు విజయములలో అనుభవజ్ఞుడైన వసీం జాఫర్ బయటినుండి వచ్చి తోడ్పడినాడు. అయితే ఇండోర్ ఫైనల్‌లో ఢిల్లీపై వరుసగా మూడు వికెట్లు తీసిన రజనీశ్ గుర్బాని ఆ గడ్డపై పెరిగినవాడే. శిక్షకుడు చంద్రకాంత్ పండిత్. ఆయనయే తరువాత 2021–22లో మధ్యప్రదేశ్‌ను కూడ విజేతగా నిలిపినాడు. సి.కె. నాయుడు పుట్టినది నాగపూరులో, కన్నుమూసినది ఇండోర్‌లో. ఆంధ్ర తొలి నాయకుడు పుట్టిన ఊరి జట్టును, తనువు చాలించిన ఊరి జట్టును కప్పు గెలిచినవి. ఆయన నడిపిన ఆంధ్ర మాత్రము ఇంకను ఎదురుచూచుచున్నది. ఇందులో విధి వైపరీత్య మేమియు లేదు. ఆ రెండు చోట్లను ఒక శిక్షకునికి అధికార మిచ్చినారు. అంతే.

మూడవ ఆలోచన ఈ సీమలో పుట్టినది, కొంత నొప్పితో కూడినది. “జట్టంతయు కోస్తావారే గదా! మన పిల్లలు ఏమైనారు?” అని కర్నూలు, కడప అభిమాని అడుగుచున్నాడు. గుంటూరు ప్రాంతపు ఎం.ఎస్.కె. ప్రసాద్, కాకినాడలో పుట్టిన విహారి, విశాఖకు చెందిన భరత్, మెల్‌బోర్న్ మైదానమున 2024 డిసెంబరులో ఎనిమిదవ స్థానమున దిగి 114 పరుగులు చేసిన విశాఖ యువకుడు నితీశ్ కుమార్ రెడ్డి—టెస్టు పందెములకు ఎక్కివచ్చిన వీరందరు కోస్తా బిడ్డలే. దీనిని పక్షపాతమని నిందించుట సులభము. కారణము అంతకంటె మామూలుది. పచ్చిక పరచి రోలరుతో చదును చేసిన పిచ్ మీద చిన్ననాటి నుండి ఆడినవాడు ఒక విధముగ ఆడును. గులకరాళ్ళ మైదానములో అడ్డదిడ్డముగా లేచు బంతిని ఆడినవాడు మరొక విధముగ ఆడును. పచ్చిక పెరుగుటకు నీరు కావలెను. త్రాగునీటికే కటకటపడు ఊళ్ళలో పిచ్‌కు నీరెవరు పోయుదురు? వర్షాభావము పంటచేలనే కాదు, ఆటచేలను కూడ ఎండబెట్టును.

అయినను సీమ వట్టిపోలేదు. అభిమాని పురుషుల జట్టును చూచి నిట్టూర్చుచుండగా, అతని కంట పడకుండ ఆడపిల్లలు అతని ప్రశ్నకు సమాధానము చెప్పివేసినారు. కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన అంజలి శర్వాణి, ఎడమచేతి వేగపు బౌలరు, 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై భారత జట్టులో అడుగిడినది. కడప జిల్లాకు చెందిన శ్రీచరణి, ఎడమచేతి స్పిన్ బౌలరు, 2025లో భారత జట్టులో చేరి, ఆ సంవత్సరమే ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసినది. నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి భారత మహిళలు తొలిసారి ఆ కప్పు గెలిచినప్పుడు ఎర్రగుంట్ల ప్రాంతపు ఈ బిడ్డ జట్టులో నున్నది. ఆమె బడిలో ఇతర క్రీడలు ఆడి, దాదాపు పదునారేండ్ల ప్రాయమున గాని క్రికెట్టును పట్టుదలతో అభ్యసింపలేదు. పురుషులలో సైతము కడప జిల్లాకు చెందిన వేగపు బౌలరు హరిశంకర్ రెడ్డిని 2021 ఐపీఎల్ వేలములో చెన్నై జట్టు కొన్నది. ముగ్గురును బౌలర్లే యగుట గమనింపదగినది. పిచ్ లేనిచోట బ్యాటు నేర్చుట కష్టము. బంతి విసరుటకు ఒక గోడయు, మూడు కర్రలును చాలును. బౌలర్లు లేరని మొరపెట్టు అభిమాని తన ఊరి బడి వెనుకనున్న గోడను చూడవలసియున్నది.

కడపలో రంజీ పందెములు జరుగదగిన మైదానము వెలసినది. 2024 సెప్టెంబరులో దేశపు మేటి ఆటగాండ్రు పాల్గొను దులీప్ పోటీలు అనంతపురములో జరిగినవి. మైదానము లేదన్న మాట ఇప్పుడు పట్టణముల విషయమున సగము మాత్రమే నిజము. మిగిలిన సగము దూరము. ఆలూరు, పత్తికొండ, బద్వేలు వంటి చోట్ల పదమూడేండ్ల బాలుడు వలల యొద్ద అభ్యాసమునకు పోవలెనన్న బస్సు ఛార్జీ, ఒక దినపు చదువు, తండ్రి అనుమతి మూడును కావలెను. మూడవది దొరకుట అన్నిటికంటె కష్టము.

ఇచ్చట కర్నూలు–కడప కాలువను తలచుకొనుట అప్రస్తుతము కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ కాలువను త్రవ్వినవారు కొత్త నీటిని సృష్టింపలేదు. సుంకేసుల యొద్ద తుంగభద్రలో వృథాగా పోవుచున్న నీటికి కర్నూలు నుండి కడప వరకు దారి చూపిరి. జట్టును తిరిగి కట్టుట యనగా ఇట్టి పనియే. ఆటగాండ్రు ఉన్నారు. లేనిది దారి. ప్రతి మండలమునకు ఒక చాప పరచిన పిచ్, జిల్లా ఎంపికలకు వచ్చు పిల్లలకు దారి ఖర్చులు, ఎంపికైన కుర్రవానికి ఒకటి రెండు వైఫల్యములను సహించు ఓపిక—ఇవి ముగ్గురు బయటి ఆటగాండ్ర జీతముకంటె ఎక్కువ ఖర్చుతో కూడినవి కావు.

చివరకు అభిమాని జాబితాలో మిగులున వేవి? బౌలర్లను వెదకుమన్నది నిలుచును, కాని వెదకవలసిన చోటు మారినది. బయటివారిని తెమ్మన్నది నిలుచును, గురువులవలె వచ్చువారైనచో. సీమ పిల్లలను చూడుమన్నది అన్నిటికంటె గట్టిగా నిలుచును. అతడు మరచినది మాత్రము ఒకటి కలదు: కడపటి గంటలో నిలువబడుట ఏ ఎంపిక సంఘమును పదునొకండుగురి పేర్లు వ్రాసి తేగలిగినది కాదు. అది పదేండ్ల నాడు బడి మైదానమున, “ఓడినను సరే, అవుట్ కావద్దురా” అని ఒక వ్యాయామోపాధ్యాయుడు చెప్పినప్పుడు మొదలగును. మొక్కై వంగనిది మానై వంగదు గదా.

ఇండోర్‌లో తగ్గిన ఆ నాలుగు పరుగులు అచ్చట పోయినవి కావు. ఏ పల్లె బడిలోనో సాయంకాలము గంట కొట్టగానే తాళము పడిన ఆటవస్తువుల గదిలో ఉండిపోయినవి. ఆ తాళపుచెవి చాలవరకు ఉపాధ్యాయుల చేతిలోనే ఉన్నది.