చలి పొద్దున మొరాయించే పాత బండి

ఒకప్పుడు ఏ వీధిలోనైనా పొద్దున్నే ఒకాయన లుంగీ ఎగ్గట్టి స్కూటర్ని పక్కకు వంచుతూ కనిపించేవాడు. రెండు క్షణాలు అలాగే పట్టుకుని, నిలబెట్టి, కిక్ కొట్టేవాడు. బండి దగ్గి, పొగ కక్కి, అందుకునేది. చూసేవాళ్లకు అదో మంత్రం. నిజానికి బండి వంచితే కార్బొరేటర్ గిన్నెలోని పెట్రోలు మట్టం కదిలి, కాస్త గాలిదారిలోకి ఒలుకుతుంది. చలిలో ఇంజన్ కోరేది అదే.

పెట్రోలు ద్రవంగా మండదు, దాని ఆవిరే మండుతుంది. వేడెక్కిన ఇంజన్‌లో గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి లెక్క. డిసెంబరులో ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో రాత్రంతా ఆరుబయట ఉన్న బండికి ఆ లెక్క కుదరదు. లోపలికి వెళ్లిన పెట్రోల్లో చాలా భాగం ఆవిరి కాకుండా చల్లటి గోడలకు అంటుకుపోతుంది. మిగిలిన ఆవిరికి నిప్పు అంటదు. అందుకే చోక్. దాన్ని లాగితే పెట్రోలు ధార పెరుగుతుందనుకుంటాం గానీ, చాలా బండ్లలో అది చేసే పని గాలికి అడ్డుపడడమే. గాలి తగ్గితే మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుంది.

బండి మొరాయిస్తే అందరం ముందు కార్బొరేటర్‌నే అనుమానిస్తాం. నేనూ అంతే. నా పాత బైకు కార్బొరేటర్‌ని రెండు ఆదివారాలు విప్పి కడిగాను. మూడో ఆదివారం మెకానిక్ స్పార్క్ ప్లగ్ విప్పి, అరిగిపోయిన దాని కొన చూపించి నవ్వాడు. చాలా బైకుల్లో ప్లగ్ గ్యాప్ 0.6, 0.7 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది పెరిగితే నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. చలికి ఆయిల్ చిక్కబడి ఇంజన్ బరువుగా తిరుగుతుంటే ఆ వోల్టేజీ అందదు.

కాబట్టి ముందు ప్లగ్‌నే అడగండి. పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం వస్తోంది, రవ్వ సరిగా లేదు, లేదా చోక్ వేసి మరీ ఎక్కువ కిక్కులు కొట్టారు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు: చోక్ కేబుల్, స్లో జెట్ చూడాలి. నల్లటి మసి పడితే ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో. లేత గోధుమ రంగులో ఉంటే ప్లగ్‌ని వదిలేసి వేరేచోట వెతకండి.

సెల్ఫ్ బండికైతే ఇంకో దొంగ ఉన్నాడు: బ్యాటరీ. నిండుగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొడుతుంటే 9.6 కిందికి జారిందంటే దాని పని అయిపోవచ్చింది. చలికి లోపలి రసాయన చర్య కూడా మందగిస్తుంది. పాత డీజిల్ జీపులది వేరే కథ. వాటికి రవ్వే లేదు, నొక్కిన గాలి వేడికే డీజిల్ మండాలి. రింగులు అరిగి గాలి జారిపోతుంటే, ముందే వేడెక్కించే గ్లో ప్లగ్గులు చచ్చిపోతే తెల్లపొగ తప్ప చప్పుడుండదు.

ఈమధ్య బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆవిరి కావడానికి దానికి పెట్రోలుకన్నా రెట్టింపుకు పైగా వేడి కావాలి, పైగా తేమను పీల్చుకుంటుంది. బండిని వారాల తరబడి పక్కన పెట్టేవాళ్లు కార్బొరేటర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ విప్పి పాత పెట్రోలు తీసేయడం మంచిది.

ఒక్క మాట. ప్లగ్ విప్పి రవ్వ చూసేటప్పుడు దాన్ని ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకోండి. ఆ రంధ్రంలోంచి బయటికొచ్చేది పెట్రోలు ఆవిరే.