పరవాడ ఫ్యాక్టరీ సంగతి అమెరికాను అడగొచ్చు

పరవాడ, జీడిమెట్ల, పాశమైలారం లాంటి చోట్ల తయారైన మందులు అమెరికాలో అమ్మాలంటే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తనిఖీలకు కంపెనీ ఒప్పుకోవాల్సిందే. ఇన్‌స్పెక్టర్లకు లోపాలు కనిపిస్తే, వెళ్లేముందు వాటిని రాసి ఇస్తారు. ఆ కాగితమే ఫారం 483. జవాబివ్వడానికి కంపెనీకి 15 పనిదినాల గడువు.

ఆ కాగితం నకలు కావాలని విశాఖలో కూర్చున్న విలేకరి కూడా ఎఫ్‌డీఏను అడగొచ్చు. 1966 నాటి అమెరికా సమాచార స్వేచ్ఛ చట్టానికి అడిగేవాళ్ల పౌరసత్వంతో పనిలేదు. దరఖాస్తు రుసుము లేదు. పత్రికల వాళ్ల దగ్గర రికార్డులు వెతికిన ఖర్చు తీసుకోరు, నకళ్లలో మొదటి 100 పేజీలు ఉచితం. చట్టం చెప్పే గడువు 20 పనిదినాలే అయినా, దాన్ని నమ్ముకుని కథనం తేదీ ఖరారు చేయకండి. నెలలు పట్టడం మామూలే, ఏళ్లు పట్టినవీ ఉన్నాయి. కంపెనీ పేరు, ప్లాంటు చిరునామా, తనిఖీ జరిగిన నెల రాసి ఒక్క పత్రమే అడిగితే త్వరగా వచ్చే అవకాశం ఎక్కువ. అంతకన్నా ముందు ఎఫ్‌డీఏ సైట్‌లో వెతకాలి. 2016 సవరణ ప్రకారం మూడు లేదా అంతకుమించి దరఖాస్తులు వచ్చిన రికార్డును, ఇవ్వదగ్గదైతే, అందరికీ కనిపించేలా పెట్టాలి.

చట్టంలో మినహాయింపులు 9. నాలుగోది వ్యాపార రహస్యాలది. దాని కింద కొన్ని వాక్యాలు కొట్టేసి పంపొచ్చు. నిరాకరిస్తే అప్పీలుకు కనీసం 90 రోజులు ఇస్తారు, ఆపైన ఫెడరల్ కోర్టు ఉంది.

ఈలోగా అదే ప్లాంటు గురించి మన రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగాన్ని కూడా అడగాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలు కట్టి, తెలుగులోనే రాయొచ్చు. గడువు 30 రోజులు. సెక్షన్ 8(1)(డి) చూపించి వాణిజ్య గోప్యత అన్నారనుకోండి, అమెరికా ఇచ్చిన పేజీలను మొదటి అప్పీలుకు జతచేయండి. అక్కడ బయటపెట్టిన విషయం ఇక్కడ రహస్యం ఎలా అవుతుందో అధికారి చెప్పాల్సి వస్తుంది. రెండు చట్టాలనూ కలిపి వాడటంలో అసలు బలం ఇదే.

బ్రిటన్‌లోనూ ఎవరైనా అడగొచ్చు. గడువు 20 పనిదినాలు. పని ఖర్చు కేంద్ర శాఖల్లో 600 పౌండ్లు దాటితే నిరాకరించొచ్చు. కెనడా రుసుము 5 డాలర్లే కానీ, అక్కడి పౌరులో, శాశ్వత నివాసులో, ఆ దేశంలో ఉన్నవాళ్లో అడగాలి. టొరంటోలో ఉండే తెలుగు మిత్రుడు ఆ పని చేసిపెట్టగలడు.

మన 2005 చట్టం మాత్రం మూడో సెక్షన్‌లోనే ఈ హక్కును పౌరులకు పరిమితం చేసింది. ప్రవాస భారతీయులు అడగొచ్చు, విదేశీయులు అడగలేరు. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హరియాణాలో తయారైన నాలుగు సిరప్‌లపై హెచ్చరిక జారీ చేసింది. గాంబియాలో 66 మంది పిల్లల మరణాలకు వాటితో సంబంధం ఉండొచ్చని చెప్పింది. భారత ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు. ఆ ఫ్యాక్టరీ తనిఖీ రికార్డుల కోసం గాంబియా విలేకరి తన పేరుతో ఇక్కడ ఒక్క దరఖాస్తు కూడా వేయలేడు. ఇక్కడి మందులు దేశదేశాల పిల్లలు తాగుతున్నప్పుడు, వాటి గురించి అడిగే హక్కు ఆ దేశాల వాళ్లకూ ఉండాలి. పార్లమెంటు ఆ సెక్షన్‌ను మార్చాలి.