పిన్ను దూరితే చాలదు

ఒకప్పుడు గూడూరు నుంచి మన శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంట వెళ్ళే రైలు మార్గం మీటరు గేజి. అంటే పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు. రేణిగుంట మీదుగా మద్రాసు నుంచి బొంబాయి వెళ్ళే మార్గమేమో బ్రాడ్ గేజి, 1676 మిల్లీమీటర్లు. ఈ పెట్టె ఆ పట్టాల మీద నడవదు. సరుకు దించి వేరే బండికి ఎక్కించాల్సిందే. కంప్యూటర్లకు, ఫోన్లకు అడాప్టరు చేసే పని ఇంచుమించు అదే.

చాలామంది మిత్రులు అడాప్టరంటే పిన్ను ఆకారం మార్చేదే అనుకుంటారు. నిజానికి ఆకారం అన్నిటికన్నా చిన్న సంగతి. ముందు చూడవలసింది కరెంటు. హాస్టల్ గోడ ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల ఏసీ. మామూలు ఫోను ఛార్జరు దాన్ని 5 వోల్టుల డీసీగా మారుస్తుంది. గుండ్రటి పిన్నులతోనే ప్రమాదం. 12 వోల్టుల వైఫై పెట్టెలో 19 వోల్టుల ల్యాప్‌టాప్ పిన్ను ఒక్కోసారి చక్కగా దూరుతుంది. దూరింది కదా అని స్విచ్ వేస్తే పెట్టె కాలిపోవచ్చు. కాబట్టి రెండిటి మీదా రాసిన వోల్టులు, ప్లస్ మైనస్ గుర్తులు సరిపోవాలి. అడాప్టరు మీద ఆంపియర్లు ఎక్కువున్నా భయం లేదు, వస్తువు తనకు కావలసినంతే తీసుకుంటుంది.

ఇక భాష. 1996లో వచ్చిన యూఎస్‌బీ పద్ధతిలో ఒకరు లీడరు, మరొకరు చెప్పినట్టు వినేవారు. కంప్యూటరుకు ఫోను కలిపితే కంప్యూటరే లీడరు. మరి ఫోనుకు పెన్‌డ్రైవ్ కలిపితే? రెండూ వినేవే, అడిగేవారు లేరు! ఇక్కడే ఓటీజీ అడాప్టరు కావాలి. మైక్రో యూఎస్‌బీలో 5 పిన్నులుంటాయి. ఓటీజీలో నాలుగో పిన్నును గ్రౌండుకు కలిపి ఉంచుతారు. అది తెలియగానే, ఆ సదుపాయం ఉన్న ఫోను తానే లీడరై, పెన్‌డ్రైవ్‌కు కరెంటు ఇచ్చి ఫైళ్ళు అడుగుతుంది. ఎంత చిన్న కిటుకో చూడండి.

ఆకారాల గొడవ ఇప్పుడు కొంత తగ్గింది. 2014లో టైప్-సి వచ్చింది. 2024 డిసెంబరు 28 నుంచి ఐరోపా సమాఖ్య దేశాల్లో అమ్మే కొత్త ఫోన్లకు అది తప్పనిసరి. ఐఫోను అంతకు ముందే, 2023లో, దానికి మారింది. అయినా అన్ని టైప్-సి ఫోన్లూ టీవీకి బొమ్మ పంపలేవు. రంధ్రం ఒకటే, లోపలి ఏర్పాటు వేరు.

వార్షికోత్సవానికి పాత ప్రొజెక్టరు తెస్తే దానికి 15 పిన్నుల వీజీఏ ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ. రెండోది బొమ్మను అంకెలుగా పంపుతుంది, మొదటిదానికి హెచ్చుతగ్గుల కరెంటుగా కావాలి. ఉత్త వైర్లు కలిపితే రాదు, మధ్యలో చిప్ ఉన్న అడాప్టరు ఉండాలి. అదీ సాధారణంగా ఒకవైపే పనిచేస్తుంది. కొనేటప్పుడు "హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి" అని విడమరచి అడగండి. తిరగేసినది ఇస్తే తెర నల్లగానే ఉంటుంది.